కంటి నాడీపొరకు కొలత దొరికిన కథ

జ్వరము వచ్చినదని చెప్పవలెనన్న, ఆరోగ్యవంతుని శరీరపు వేడి ఎంత యుండునో ముందుగా తెలియవలెను. కంటి జబ్బుల విషయములోను ఇంతే. నీటికాసులు అను వ్యాధిలో దృష్టినాడి మెల్లమెల్లగా నశించును. సాధారణముగా తొలిదశలో నొప్పి యుండదు. చూపు తగ్గినట్లును తోచదు. పోయిన చూపు మరల రాదు. కావున నాడి నాశమును ముందుగా పసిగట్టుట వైద్యులకు పెద్ద సమస్య యైనది.

కంటి వెనుకగోడకు లోపలివైపున నున్న పలుచని పొరకు రెటీనా అని పేరు. దానిమీద సుమారు పది లక్షల నాడీతంతువులు పరచుకొని, ఒకచోట కూడి, దృష్టినాడియై మెదడునకు పోవును. ఈ తంతువుల పొర పలుచబడినదా, లేదా అనునదే ప్రశ్న.

బ్రతికియున్న మనుష్యుని రెటీనాను చూచు సాధనమును జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ 1851లో ప్రకటించెను. ఎరుపు లేని కాంతిలో తంతువుల చారలు స్పష్టపడునని 1913లో స్విట్జర్లండు వైద్యుడు ఫోక్ట్ చూపెను. అయినను అది కంటితో చేయు అంచనాయే గాని కొలత కాదు. 1982లో అమెరికాలో క్విగ్లీ బృందము మరణించినవారి కండ్లను పరీక్షించి, చూపు పరీక్షలో లోపము బయటపడుటకు ముందే తంతువులలో నూటికి నలుబది వరకు నశింపవచ్చునని తెలిపెను. అంచనా చాలదని దీనితో తేలినది.

1991లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన హువాంగ్, ఫుజిమోటో మున్నగువారు ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ అను పద్ధతిని ప్రకటించిరి. బావిలో కేక వేసినచో, ప్రతిధ్వని వచ్చు కాలమును బట్టి లోతు ఊహింపవచ్చును గదా! ఇందులో ధ్వనికి బదులు పరారుణ కాంతి పనిచేయును. కాంతివేగము మిక్కిలి హెచ్చు గనుక ఆ కాలమును గడియారముతో కొలువలేము. అందుచే కాంతిని రెండుగా చీల్చి ఒక భాగమును కంటిలోనికి, రెండవదానిని అద్దముమీదికి పంపుదురు. తిరిగివచ్చిన రెండును కలిసినపుడు ఏర్పడు వ్యతికరణమును బట్టి ఏ పొర ఎంత లోతున నున్నదో లెక్కింతురు. 1995లో షూమన్ బృందము ఆరోగ్యవంతుల కండ్లను, రోగుల కండ్లను ఈ విధముగా పోల్చి, రోగుల నాడీపొర పలుచనిదని అంకెలలో చూపెను.

ఇక ఆరోగ్యపు కొలత ఏది? 2007లో బుడెంజ్ బృందము 328 మంది ఆరోగ్యవంతులను పరీక్షింపగా సగటు మందము సుమారు 100 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో పదవవంతు అని తేలినది. కాని అందరి కొలత ఒకటి కాదు. వయస్సు పదేండ్లు పెరిగినచో సుమారు 2 మైక్రానులు తగ్గును. హ్రస్వదృష్టి గలవారివలె కనుగ్రుడ్డు పొడవైనవారికి పొర పలుచగా నుండును. ఒకే కంటిలో సైతము నాడికి పైన, క్రింద మందము హెచ్చు, ప్రక్కల తక్కువ. ఒక యంత్రపు అంకెను మరియొక యంత్రపు అంకెతో పోల్చరాదు. ఒకే మనిషి రెండు కండ్లు మాత్రము ఇంచుమించు సమానము. వాటి మధ్య పెద్ద భేదము కనిపించినచో అనుమానింపవలెను.

కావున 90 మైక్రానులు ఒకరికి పుట్టుకతో వచ్చిన ఆరోగ్యము కావచ్చును. ఒకప్పుడు 110 ఉన్నవారికి అదియే నష్టము కావచ్చును. 1996–2000 సంవత్సరములలో ఆంధ్రప్రదేశమున జరిగిన నేత్రవ్యాధుల సర్వేలో నీటికాసులు గలవారిలో అత్యధికులకు ఆ సంగతియే తెలియదని బయటపడినది. ఇట్టివారికి చూపు బాగున్నప్పుడే తీసి దాచుకొన్న తొలి కొలత, తరువాతి కొలతలకు సాక్షిగా నిలుచును.