యానాము పాతయిండ్ల కిటికీలు

గౌతమి నుండి కోరంగి పాయ చీలుచోట నున్న యానామున ఫ్రెంచివారు 1723లో వర్తకస్థానము నెలకొల్పిరి. కొలది యేండ్లకే విడిచిపోయి 1731లో మరల వచ్చిరి. 1954 జూన్ 13న వారి పాలన ముగిసినది. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియైనది. ఆనాటి ఇండ్లు మాత్ర మక్కడక్కడ మిగిలినవి. వానిని దూరము నుండియే గుర్తుపట్టించునది కిటికీ.

సున్నముతో కట్టిన దళసరి గోడలో నిలువుగా పొడవైన ఖాళీ. దానికి వెలుపల ఏటవాలు పలకలు కూర్చిన రెండు రెక్కలు. రెక్కలు మూసినను గాలి యాడును. ఎండ, వానజల్లు చాలవఱకు వెలుపలనే నిలిచిపోవును. తుపాను దారిలో నున్న యూరికి ఇది విలాసము కాదు. 1839 నవంబరు 25న కోరంగిని ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6 నాటి గాలివాన ఈ తీరమునకు చిరపరిచితములు. ఇక కలప మాట: రంగూనుతో మన తీరమునకు నడచిన ఓడవర్తకమున బర్మా టేకు విరివిగా దిగుమతి యయ్యెను. అట్టి కలప నేడు కొనబోయిన సులభముగా దొరకదు.

కావున కిటికీ పాడైనదనగానే చట్రముతో సహా పెకలింపరాదు. సాధారణముగా ముందు చివుకునది నీరు నిలుచు అడుగు కమ్మి. దానిని కోసి, అదే జాతి పాతకలపను అతికినచో తక్కినది నిలుచును. ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బి కొయ్యను చీల్చుట మఱొక రోగము. ఊచ మార్చినఁ జాలును.

పూర్తిగా మార్చక తప్పనిచో, మొదట చూడవలసినది కొలత. కొత్త చట్రము చిన్నదని ఖాళీలో ఇటుక పేర్చి సిమెంటు పూయుదురు. ఇంటి ముఖము చెడుటయే కాక, సున్నపుగోడలోని చెమ్మ ఆ సిమెంటు వెనుక చిక్కుకొనును. జరుపుడు అల్యూమినియము కిటికీ చౌక, చెదపట్టదు, నిజమే. కాని అందు సగమే తెఱచుకొనును, మూసినపుడు గాలి రాదు. పెరటివైపు గదికి దానిని పెట్టుకొన్న ఇంటివారిని తప్పుపట్టనక్కఱలేదు. వీధివైపు మాత్రము కొయ్యయే తగును.

ఊడదీసిన పాత రెక్కలను వంటచెఱకుగా అమ్మివేయుట తఱచు జరుగుచున్నది. కనీస మొక్కటైన అటుకపై దాచవలెను. పలకల వాలు, వాని నడుమ ఎడము, బందుల స్థానము వడ్రంగి దానిని చూచియే తీయవలసియుండును.