దూబగుంట ఆడవాళ్ల లెక్క

నెల్లూరంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది పెన్న కాలువల కింద పండే వరి. పడమరగా కలిగిరి దాకా వచ్చేసరికి ఆ పచ్చదనం వెనకబడిపోతుంది. ఇదంతా మెట్ట. వాన మీదే ఆశ. పొగాకు బాగా వేస్తారు, కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం కూడా ఉంది. ఇలాంటి చోట ఒక రోజు కూలి ఎటు పోయిందన్నది చిన్న విషయం కాదు. ఆ రాత్రి పిల్లలు తిన్నారా లేదా అన్నది దాని మీదే తేలుతుంది.

1980ల్లో ఆ కూలి చాలావరకు సారా కొట్టు దగ్గరే ఆగిపోయేది. ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో నింపించి అమ్మించింది. కుండలు, సీసాలు అక్కర్లేదు. ప్యాకెట్ మూల పళ్లతో కొరికితే చాలు. ఊళ్లోకి మంచినీళ్లు రాకపోయినా ప్యాకెట్లు మాత్రం వేళకు వచ్చేవి. 1970–71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1991–92 నాటికి 812 కోట్లకు చేరింది. ఆ కోట్లలో మెట్ట కూలీల రోజు కూలి ఉంది.

అప్పట్లో తప్పంతా తాగేవాడిదే అనేవాళ్లు, లేకపోతే ఆడదాని నుదుటి రాత అనేవాళ్లు. ఆ మాట మారింది రాత్రి బడిలో.

1990ల మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలోనూ ఆడవాళ్లు పలకలు పట్టారు. పగలంతా పొలంలో వంగిన నడుము, పొయ్యి పని అయ్యాక లాంతరు ముందు కూర్చునేది. కలుపుతీత, కోతలతో మొద్దుబారిన వేళ్లకు బలపం పట్టు దొరికేది కాదు. అయినా అక్షరాలు కూడబలుక్కున్నారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. సారా మూలంగా ప్రాణం పోగొట్టుకున్న ఒక ఆడమనిషి కథ అది. చదువుతున్న వాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, పక్కింటి సంగతిలా అనిపించింది. ఎవరి ఇంటి సంగతి వాళ్లు బయటికి చెప్పుకోవడం అక్కడే మొదలైంది. చదువు నేర్పడమంటే సంతకం పెట్టించడమే అనుకునే అధికారులు ఈ ఒక్క పాఠం చేసిన పనిని గుర్తుంచుకోవాలి.

ఇంతలో ఊళ్లో ఇద్దరు కూలీలు సారా మత్తులో చెరువులో పడి చనిపోయారు. ఇక ఆడవాళ్లు ఆగలేదు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. అందరూ కలిసి కొట్టు మూయించారు, ఊళ్లోకి సారా రాకుండా అడ్డుపడ్డారు. తర్వాత దూబగుంట కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై జిల్లాలోని రాత్రి బడులకు చేరింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది ఇంకో ఊరి ఆడవాళ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. చదివి లేచి, చీపుర్లు, కారప్పొడి పట్టుకుని తమ ఊరి కొట్టు ముందు నిలబడ్డారు.

వాళ్ల ఆలోచన ఎంత దూరం వెళ్లిందో సారా అమ్మకం హక్కుల వేలంపాటల దగ్గర తెలిసింది. మొగుణ్ణి తిట్టి ఊరుకుంటే సరిపోదని, కొట్టు వెనక కాంట్రాక్టరు ఉన్నాడని, కాంట్రాక్టరు వెనక సర్కారు ఉందని వాళ్లకు అర్థమైంది. 1992లో నెల్లూరులో సారా వేలం జరగనివ్వకుండా అడ్డుకున్నారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. తాగేవాడి బాధ్యత తాగేవాడిదే, అమ్మించేవాడి బాధ్యత అమ్మించేవాడిదే అని విడదీసి, ఇద్దర్నీ నిలదీశారు. పెద్ద రాజకీయ పార్టీలు అప్పటిదాకా గట్టిగా అడగని ప్రశ్న అది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పడం మాత్రం న్యాయం కాదు. తాగి గొడవ చేసినవాళ్లకు గుండు గీయించిన ఊళ్లూ ఉన్నాయి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవాళ్ల కోపం అది. ఆ కోపం అర్థమవుతుంది, నలుగురిలో మనిషిని అవమానించడాన్ని మాత్రం మెచ్చుకోలేం.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతటా నిషేధం తెచ్చింది. 1994 డిసెంబర్‌లో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. అది 1997లో పోయింది. బ్రాందీ షాపులు తిరిగి తెరుచుకున్నాయి, సర్కారు సారా కొట్టు మాత్రం మళ్లీ రాలేదు.

సారా పోయాక ఇంట్లో మిగిలిన చిల్లరకూ ఒక దారి దొరికింది. జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పుట్టాయి. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. రాష్ట్రమంతా అల్లుకున్న డ్వాక్రా సంఘాలకు ఈ పొదుపు పెద్ద ఊతమైంది. రాత్రి బడిలో బలపం పట్టిన చేతులే సంఘం పుస్తకంలో ఆ ముప్పై రూపాయల ఎదురుగా సంతకం పెట్టాయి.