నిత్యకల్యాణి: ఒక నామభ్రాంతి

నూజివీడు సీమలో మామిడితోటలు మాఘ ఫాల్గుణాలలో పూతపట్టి, వైశాఖ జ్యేష్ఠాలలో ఫలించి, శేషకాలమంతా ఆకుపచ్చని మౌనంలో ఉంటాయి. ఆ తోటల నడుమ ఇళ్ళ ముంగిళ్ళలో, తులసికోటల చెంత సంవత్సరమంతా పూసేది బిళ్ళగన్నేరు. గోడబీటలో విత్తు పడినా మొలుస్తుంది. నడివేసవిలో నీరు పోసేవారు లేకున్నా పూయడం మానదు. నిత్యకల్యాణి అన్న పేరు దానికి సార్థకమే.

ఇది అనాదిగా భారతభూమిలో ఉన్నదనీ, నిఘంటువులు చెప్పిన ‘సదాపుష్పం’ ఇదేననీ భక్తులలో ఒక విశ్వాసం ఉన్నది. అది విచారణకు నిలువదు. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుని ‘భావప్రకాశం’లో సదాపుష్ప శబ్దం శ్వేతార్కానికి, అనగా తెల్లజిల్లేడుకు, పర్యాయపదం. వినాయకుని ఏకవింశతి పత్రాలలోని కరవీరం కూడా అసలు గన్నేరే. వృక్షశాస్త్రరీత్యా ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి కావడం వేరొక విశేషం.

బిళ్ళగన్నేరు జన్మభూమి మడగాస్కర్ ద్వీపం. 18వ శతాబ్దిలో అక్కడినుండి పారిస్ రాజోద్యానానికి చేరినది. 1759లో లిన్నేయస్ దానికి ‘వింకా రోజియా’ అని నామకరణం చేసినాడు. 1837లో జార్జ్ డాన్ ఏర్పరచిన ‘కాథరాంథస్’ అన్న ప్రజాతి నామానికి గ్రీకు భాషలో శుద్ధపుష్పమని అర్థం. సముద్రమార్గాన వచ్చిన ఈ మొక్క తెలుగు ముంగిళ్ళలో నాటుకొని, గన్నేరు పేరునే ధరించినది.

విదేశీయమన్న కారణంతో దీనిని అర్చనకు వర్జించేవారూ ఉన్నారు. అట్లయిన బంతిపూవు మాటేమిటి? దాని పుట్టిల్లు మెక్సికో. బంతిమాల లేని ఉత్సవమూర్తిని నేడు ఊహింపగలమా! గీతాచార్యుడు నవమాధ్యాయంలో పత్రపుష్పాల విషయమై భక్తిని, ప్రయతచిత్తాన్ని కోరినాడే గాని పుష్పం పుట్టిన దేశాన్ని అడుగలేదు. కల్పిత ప్రాచీనత ఈ పూవుకు అక్కరలేదు.

దీని మహిమ వేరొకచోట వెల్లడైనది. మధుమేహానికి ఔషధమేమోనని కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు పరిశోధించగా, ఆకురసం ఎలుకలలో తెల్లరక్తకణాలను క్షీణింపజేసినది. ఆ పరిశీలన నుండి 1958లో విన్‌బ్లాస్టిన్ వెలువడినది. తరువాత ఇదే మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్ పసిపిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో నేటికీ ముఖ్యమైన ఔషధం.

ఈ ద్రవ్యాలు కణవిభజననే స్తంభింపజేస్తాయి. కనుక చక్కెర తగ్గుతుందని ప్రాతఃకాలంలో ఆకులు నమలడం, తులసితోపాటు తీర్థపాత్రలో వేయడం అపాయకరం. స్వామి పాదాల వద్ద పూవునుంచి, తీర్థంలో తులసీదళమే వేయాలి.