ఏ దారి ముందు? ఆదోని, ఎమ్మిగనూరు ప్రయాణ మార్గాల చరిత్ర

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోని, ఎమ్మిగనూరు దాదాపు 30 కిలోమీటర్ల ఎడంతో ఉన్న రెండు వ్యాపార పట్టణాలు. ఆదోని పత్తికి పేరుపడింది, ఎమ్మిగనూరు చేనేతకు. నేల ఒకటే, వాన ఒకటే, ఏలిన ప్రభుత్వాలూ ఒకటే. అయినా ఆదోనికి రైలు వచ్చి నూటయాభై ఏళ్లు దాటింది. ఎమ్మిగనూరుకు ఇప్పటికీ రైలు స్టేషన్ లేదు. ఆ ఊరు రోడ్డు మీద, బస్సు మీద ఆధారపడి పెరిగింది. రవాణా సౌకర్యం ఏ ప్రాంతానికైనా దశలవారీగానే వస్తుంది. ఏ దారి ముందు, ఏ ఊరు తర్వాత అన్న వరుసను నిర్ణయించేది ఒక్కో కాలంలో ఒక్కో శక్తి. పడమటి కర్నూలులో ఈ వరుస గొడవ ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, రాష్ట్ర ముఖ్యమంత్రి రాజీనామాకు దారితీసింది.

బండ్ల కాలం

విజయనగర కాలం నుంచి ఆదోని కోట ఉన్న ఊరు. బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాం వంశీకులు, టిప్పు సుల్తాను దానికోసం పోరాడారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అలా వచ్చిన జిల్లాలను దత్తమండలాలు అన్నారు, వాటికి థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరయ్యాడు. ఆ తర్వాత ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగమైంది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు. కాబట్టి కచేరీ పని, కోర్టు పని ఏదైనా పడమటి దిక్కుకు, బళ్లారికే సాగేది.

ఇక్కడ ప్రయాణాన్ని శాసించింది నల్లరేగడి నేల. వాన పడితే అది బంకమట్టి అవుతుంది, బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. వేసవిలో నెర్రెలు బారుతుంది. గట్టి రోడ్డు వెయ్యాలంటే కంకర దూరం నుంచి తోలుకు రావాలి, వేసిన కంకరను కూడా కింది మట్టి మింగేస్తుంది. అందుకే సరుకు రవాణాకు ఏడాదిలో కొన్ని నెలలే అనువుగా ఉండేవి. పంట ఇంటికొచ్చాక, తొలకరి పడకముందు ఎద్దుల బండ్లు బారులు తీరేవి. వాగులకు వంతెనలు లేనిచోట నీళ్లు తీసేదాకా గట్టున ఆగాల్సిందే.

ఈ నేలలో పండే పత్తిని వ్యాపారులు 'వెస్టర్న్స్' అనేవారు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి అందలేదు, మన పత్తికి ధర అమాంతం పెరిగింది. నల్లరేగడి తాలూకాలను రేవులతో కలపాలన్న ఒత్తిడి ఆ కాలంలో బలపడింది.

1871: రైలు ఎంచుకున్న వరుస

మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం ఒక్కసారిగా పూర్తయినది కాదు. అరక్కోణం దగ్గర చీలి, రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా ముక్కలు ముక్కలుగా ముందుకు సాగింది. ఆదోని దాటి, తుంగభద్ర మీద వంతెన కట్టుకుని, 1871లో రాయచూరు చేరింది. అటు బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే అక్కడే దీన్ని కలుసుకుంది. మద్రాసు, బొంబాయి నగరాలు రైలు పట్టాలతో ముడిపడ్డాయి.

ఈ మార్గాన్ని గీసినవారి లక్ష్యం రెండు మహానగరాల అనుసంధానం. దారిలో పడిన ఊళ్లకు స్టేషన్లు దక్కాయి, పక్కన పడినవాటికి దక్కలేదు. ఆదోని, కోసిగి, తుంగభద్ర ఒడ్డున ఇప్పుడు మంత్రాలయం రోడ్ అని పిలిచే స్టేషన్ పట్టాల మీదికి వచ్చాయి. తూర్పున ఉన్న ఎమ్మిగనూరు మిగిలిపోయింది. ఆదోనిలో పత్తి జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు పెరిగాయి. నొక్కి కట్టిన బేళ్లు ఇటు మద్రాసుకైనా, అటు బొంబాయికైనా వెళ్లగలిగేవి. ఆదోనిని 'రెండో బొంబాయి' అని జనం పిలుచుకోవడం ఈ వ్యాపారం వల్లనే.

రైలు ఉంటే చాలదని 1876–78 కరువు చూపించింది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నాయి. బయటి ధాన్యం స్టేషన్ల దాకా రాగలిగింది. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు చేర్చడానికి ఎద్దులు లేవు. మేత, నీళ్లు లేక పశువులు చచ్చిపోయాయి. ప్రధాన మార్గానికి అటూ ఇటూ పిల్లదారులు లేకపోతే అది దూరపు నగరాలకే ఉపయోగపడుతుందన్న సంగతి తేలింది. కరువు పనుల కింద వేసిన రోడ్లు ఆ లోటును కొంతే పూడ్చాయి.

1908లో ఈ రైలు మార్గం మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి, 1951లో దక్షిణ రైల్వేకు వచ్చింది. 1977లో గుంతకల్లు డివిజన్‌తోపాటు దక్షిణ మధ్య రైల్వేలో చేరింది.

మోటారు బస్సు

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మద్రాసు రాష్ట్రంలో మోటారు బస్సులు పెరిగాయి. వీటిని నడిపినవారు ఎక్కువగా ఒకటి రెండు బండ్ల సొంతదారులు. పట్టాలు వెళ్లని ఊళ్లే వారికి తొలి గిరాకీ, కానీ రైలు పక్క రోడ్ల మీదా బస్సులు నడిచాయి. రైల్వేల రాబడి తగ్గింది. 1930ల మొదట్లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు ఈ పోటీని దేశమంతటా పరిశీలించి నివేదిక ఇచ్చారు. 1939 మోటారు వాహనాల చట్టం బస్సుకు పర్మిట్టు, మార్గం, వేళలు తప్పనిసరి చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు బస్సుల వెనక బొగ్గు గ్యాసు పొయ్యిలు అమర్చి నడిపారు.

ఎమ్మిగనూరుకు మోటారు యుగం సరైన సమయంలో వచ్చింది. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం నేతగాళ్లకు నూలు అందించి, బట్ట కొని, దూరపు మార్కెట్లలో అమ్మే పని చేపట్టింది. నూలు రావాలన్నా బట్ట పోవాలన్నా రోడ్డే ఆధారం. రైలు లేని ఊరు వ్యాపార పట్టణంగా నిలబడటానికి ఈ రెండూ, సంఘమూ రోడ్డూ, కారణాలు.

1953: దిక్కు మారిన ప్రయాణం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా విడిపోయింది. బళ్లారి తాలూకా మైసూరుకు వెళ్లింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. రాయదుర్గాన్ని అనంతపురం జిల్లాలో, మిగతా రెండింటిని కర్నూలు జిల్లాలో చేర్చారు. ఒకటిన్నర శతాబ్దం బళ్లారి వైపు నడిచిన జనం ఇప్పుడు కలెక్టరు కచేరీకి, జిల్లా కోర్టుకు కర్నూలు వెళ్లాలి. అప్పుడు కర్నూలు జిల్లా కేంద్రమే కాదు, 1956 నవంబరు 1 దాకా రాష్ట్ర రాజధాని కూడా.

ఆదోని నుంచి కర్నూలుకు రైల్లో వెళ్లాలంటే దక్షిణాన గుంతకల్లుకు దిగి, బ్రాడ్‌గేజీ నుంచి మీటర్‌గేజీకి మారి, డోన్ మీదుగా తిరిగి పైకి రావాలి. రోడ్డు మాత్రం ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా నేరుగా ఉంది. రైలు పక్కన పెట్టిన ఎమ్మిగనూరు ఈ కొత్త దారికి నడిమి మజిలీ అయింది. ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డుకు జిల్లాలో వచ్చిన ప్రాముఖ్యానికి ఇదే మూలం.

జాతీయీకరణ, కోర్టు మెట్లు

నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖకు వారసురాలిగా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో అప్పటికి ప్రైవేటు బస్సులే. వాటి స్థానంలో ప్రభుత్వ బస్సులు నడపాలంటే ఒక పద్ధతి ఉంది. మోటారు వాహనాల చట్టానికి 1956లో చేర్చిన 4ఎ అధ్యాయం ప్రకారం సంస్థ ముందుగా స్కీమును ప్రకటించాలి, ఆపరేటర్ల అభ్యంతరాలు ప్రభుత్వం వినాలి, ఆ తర్వాతే ఖరారు చేయాలి.

అన్ని జిల్లాలనూ ఒకేసారి తీసుకునేంత డబ్బు గానీ, బస్సులు గానీ, సిబ్బంది గానీ సంస్థకు లేవు. అందుకని జిల్లా తర్వాత జిల్లా అన్న పద్ధతి పెట్టుకున్నారు. మొదట కృష్ణా జిల్లా వంతు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో 1958లో సుప్రీంకోర్టు ఆ స్కీమును కొట్టేసింది. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. విన్నవారే నిర్ణయించకపోతే వినడానికి అర్థం లేదని కోర్టు అంది. లోపం దిద్దుకుని మళ్లీ విచారణ జరిపాక పని సాగింది.

తర్వాత ఏ జిల్లా అన్నది తేల్చడానికి నిపుణుల సలహా అవసరమైంది. సింప్సన్ కంపెనీ అధిపతి ఎస్. అనంతరామకృష్ణన్ నాయకత్వంలో వేసిన కమిటీ సంస్థ పనితీరును పరిశీలించి, మిగిలిన జిల్లాలను ఏ వరుసలో తీసుకోవాలో సూచించింది. ఆ వరుసలో కర్నూలు ముందు లేదు. 1962 మార్చిలో నీలం సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన గెలిచింది కర్నూలు జిల్లా డోన్ నుంచి. కొద్ది కాలానికే వరుస మారి కర్నూలు ముందుకొచ్చింది. జిల్లాలోని కొన్ని ప్రాంతాలకు సంస్థ మూడు స్కీములు ప్రకటించింది.

బస్సు యజమానులు కోర్టుకెక్కారు. తమలో కొందరు రాజకీయంగా ముఖ్యమంత్రికి వ్యతిరేకులని, వారిని దెబ్బతీయడానికే వరుస తారుమారు చేయించారని వారి ఆరోపణ. సి.ఎస్. రౌజీ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యంలో 1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆరోపణలు ముఖ్యమంత్రి మీద ఉన్నా, వాటిని ఖండిస్తూ ఆయన స్వయంగా అఫిడవిట్ వేయలేదు. అధికారులు వేసినవి సరిపోవని న్యాయమూర్తులు భావించారు. ఖండన లేని ఆరోపణ నిలబడుతుందని తేల్చి స్కీములను రద్దు చేశారు. ఆ వ్యాఖ్యల తర్వాత 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

జాతీయీకరణ చేసే అధికారాన్ని ఈ తీర్పు ప్రశ్నించలేదు. వరుసను మార్చే అధికారమూ సంస్థకు ఉంది. మార్చడానికి రవాణాకు సంబంధించిన కారణం ఉండాలి, అది కాగితం మీద కనిపించాలి అన్నదే ఇందులోని సారం. పాలనాధికార దుర్వినియోగం మీద వాదించే న్యాయవాదులు ఈ కర్నూలు బస్సుల కేసును ఇప్పటికీ ఉదహరిస్తారు.

డిపోలు, రద్దీ రోజులు

తర్వాతి కాలంలో ఆర్టీసీ ఈ ప్రాంతంలో విస్తరించి ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ డిపోలు పెట్టింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయ్యాక కూడా ఈ రెండు డిపోలు కర్నూలు జిల్లాలోనే మిగిలాయి. రాష్ట్రాల మధ్య ఒప్పందాల మేరకు కర్ణాటక బస్సులు ఇటు, ఆంధ్ర బస్సులు బళ్లారి, రాయచూరు వైపు నడుస్తాయి.

ఈ దారుల రద్దీకి కాలెండరు వేరు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దర్శనం, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన వేళల్లో ప్రత్యేక బస్సులు వేస్తారు. వానలు మొహం చాటేసిన ఏడు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలు మూటాముల్లెతో గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు బయల్దేరతాయి. పొద్దున్నే కూలీలను ఊళ్ల నుంచి చేలకు మోసేవి మాత్రం ఎక్కువగా ఆటోలే. హగరి నుంచి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, రాయచూరు మీదుగా వెళ్లే దారికి 167వ నంబరు జాతీయ రహదారి హోదా దక్కింది. మంత్రాలయం, ఎమ్మిగనూరు, కర్నూలు పట్టణాలను కలుపుతూ రైలు మార్గం వెయ్యాలన్న కోరిక దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది.

ప్రత్యేక బస్సు మార్గాల అనుభవం

రైలు లేని చోట బస్సు ప్రయాణాన్నే మెరుగుపరిచే మార్గం ఒకటి వేరేచోట్ల ప్రయత్నించారు. నగరానికి, శివార్లకు నడుమ బస్సుల కోసమే విడిగా దారి కేటాయించే బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టం (బీఆర్‌టీఎస్) పద్ధతి బ్రెజిల్‌లోని కురిచిబాలో 1974లో మొదలైంది. కొలంబియా రాజధాని బొగోటా 2000లో ట్రాన్స్‌మిలెనియో పేరుతో దాన్ని మొదలుపెట్టి దశలవారీగా విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద విశాఖపట్నం, విజయవాడ ఈ బీఆర్‌టీఎస్ పనులు చేపట్టాయి. విశాఖలో పెందుర్తిని ఆర్టీసీ కాంప్లెక్సుతో కలిపేవి రెండు దారులు. ఒకటి ఎన్ఏడీ కూడలి మీదుగా, ఇంకొకటి సింహాచలం, హనుమంతవాక మీదుగా. ఒక్కొక్కటి దాదాపు 20 కిలోమీటర్లు. సింహాచలం వైపు భూసేకరణ చిక్కుల వల్ల ఒక భాగం ఏళ్ల తరబడి ఇరుకుగా ఆగిపోయింది. విజయవాడలో సత్యనారాయణపురం పాత రైలు పట్టాలు తీసేసిన స్థలంలో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. తర్వాత అది అన్ని వాహనాలూ తిరిగే మామూలు వీధిగా మారింది.

ఆదోని–ఎమ్మిగనూరు మధ్య అలాంటి ప్రత్యేక మార్గం లేదు. ఈ దూరంలో, ఈ జనసాంద్రతలో ముందు కావలసినవి వేరు: వానకు కుంగని రోడ్డు, వాగుల మీద వంతెనలు, ఊరి కూడళ్ల దగ్గర పక్క దారులు, కూలీల వేళకు నడిచే పల్లెవెలుగు బస్సులు. 1871లో వరుసను రెండు మహానగరాల అవసరం నిర్ణయించింది, 1953లో జిల్లా హద్దు నిర్ణయించింది, 1962లో రాజకీయం నిర్ణయించిందన్న ఆరోపణను కోర్టు నిలబెట్టింది. ప్రయాణికుల లెక్కనే ఆధారంగా తీసుకుని వరుస వేసిన దశ ఈ దారికి ఇంకా రావలసి ఉంది.