ఆన్‌లైన్ దుకాణాల్లో కుకీ సమ్మతి, అనలిటిక్స్ ట్యాగులు: సూరత్ వస్త్ర వ్యాపారం

వెబ్‌సైటుకు వచ్చిన వ్యక్తి సరేనన్న తరువాతే అనలిటిక్స్, ప్రకటనల ట్యాగులు పనిచేసేలా, వద్దంటే ఆగిపోయేలా చేసే ఏర్పాటును కుకీ సమ్మతి అమలు అంటారు. ట్యాగు అంటే పేజీలో చేర్చే చిన్న జావాస్క్రిప్ట్ కోడ్. కొనుగోలుదారు ఏ చీర తెరిచి చూశారో, ఏది కార్టులో వేశారో, డబ్బు కట్టే పేజీ దాకా వచ్చి ఎక్కడ వెనక్కి మళ్లారో అది గూగుల్ అనలిటిక్స్, మెటా పిక్సెల్ వంటి సేవలకు చేరవేస్తుంది. అదే మనిషి మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న సమాచార ముక్క పెడుతుంది. కుకీని 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి రూపొందించారు. కార్టులో వేసిన సరుకును సైటు గుర్తుంచుకోవడం ఎలా అన్న అవసరం నుంచి అది పుట్టింది. ఆ పనికి వాడే కుకీకి యూరప్ చట్టాలు సైతం అనుమతి అడగమనవు. పేచీ అంతా తరువాత వచ్చి చేరిన వాటితోనే. మామూలు అమరికలో గూగుల్ అనలిటిక్స్ ప్రధాన కుకీకి పెట్టే గడువు 2 ఏళ్లు, మెటా పిక్సెల్ కుకీకి 90 రోజులు.

సూరత్‌లో ఈ విషయం బట్టల వ్యాపారంతో ముడిపడి ఉంది. రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి సింథటిక్ చీరలు, డ్రెస్ మెటీరియల్ దశాబ్దాలుగా ఆంధ్ర, తెలంగాణ సహా దేశమంతటికీ హోల్‌సేల్‌గా వెళుతున్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఏజెంట్లు, బేళ్లు, లారీ ట్రాన్స్‌పోర్టు మీద సాగిన వ్యాపారం మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు, షాపిఫై, వూకామర్స్‌లతో కట్టుకున్న సొంత సైట్లకు కూడా పాకింది. బాధ్యత ఎవరిదన్నది ఇక్కడే మారుతుంది. మీషోలో సరుకు పెట్టిన వ్యాపారికి అక్కడి ట్యాగులతో పనిలేదు, అవి మీషోవి. సొంత సైటులోని ప్రతి ట్యాగుకూ యజమానే జవాబుదారీ. సైటు కట్టిన ఏజెన్సీ పెట్టింది, మాకు తెలియదు అన్న మాట చట్టం ముందు చెల్లదు.

ఏ దేశపు కొనుగోలుదారుల కోసం దుకాణం తెరిచారన్నదాన్ని బట్టి వర్తించే చట్టం మారుతుంది. యూరోల్లో ధర చూపి, జర్మనీకి పార్శిల్ పంపుతామని రాసుకున్న సూరత్ దుకాణానికి 2018 మే 25 నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తిస్తుంది. సైటు అక్కడ కూడా తెరుచుకుంటుందన్న ఒక్క కారణంతో మాత్రం వర్తించదు. కుకీల వరకు అంతకన్నా పాతది 2002 నాటి ఈ-ప్రైవసీ డైరెక్టివ్. దానికి 2009లో చేసిన సవరణ ప్రకారం, వినియోగదారు కోరిన సేవకు తప్పనిసరి కానిదేదైనా వారి ఫోనులోనో కంప్యూటరులోనో పెట్టాలన్నా, అక్కడి నుంచి చదవాలన్నా ముందుగా సమ్మతి కావాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందకు రాదని 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. బట్టల వ్యాపారులు చదవవలసిన ఉదాహరణ ఆన్‌లైన్ దుస్తుల సంస్థ షీన్‌ది. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ 2025 సెప్టెంబరులో ఆ సంస్థకు 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. షీన్ సైటులో సమ్మతి అడిగే బ్యానర్ లేక కాదు. వచ్చినవారు ఏదీ నొక్కకముందే కుకీలు పడుతున్నాయని, అన్నీ వద్దని నొక్కినా కొత్తవి పడుతూ, పాతవి చదువుతూనే ఉన్నాయని తేలింది.

అమెరికాలో కాలిఫోర్నియా పద్ధతి తిరగేసి ఉంటుంది: ముందుగా అడగనక్కరలేదు గానీ, వద్దన్నవారిని వదిలిపెట్టాలి. బ్రౌజరే పంపే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ సంకేతాన్ని కూడా వద్దన్నట్టే లెక్కించాలి. దాన్ని పట్టించుకోలేదన్న ఆరోపణపై సౌందర్య సాధనాల సంస్థ సెఫోరా 2022 ఆగస్టులో 12 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి, నోటీసులకు చెందిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే వరకు. చట్టంలో కుకీ అన్న మాటే కనిపించదు. కానీ ఒక మనిషిని గుర్తించడానికి వీలిచ్చే డిజిటల్ సమాచారమేదైనా దాని పరిధిలోకి వస్తుంది కాబట్టి, లాగిన్ అయిన కొనుగోలుదారు ఫోను నంబరుతో ముడిపడిన అనలిటిక్స్ ఐడీ తప్పించుకోలేదు. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, ఫలానా ప్రయోజనానికని చెప్పి తీసుకున్నదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. వివాదం వస్తే నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది వ్యాపారే. సమ్మతి అభ్యర్థనను ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. ఇంగ్లిషు ఒక్కటే ఉన్న బ్యానర్‌తో గుజరాతీ, తెలుగు కొనుగోలుదారుల విషయంలో ఈ షరతు నెరవేరదు. 18 ఏళ్లలోపు వారి ప్రవర్తనను వెంబడించడాన్ని చట్టం నిషేధించింది. పిల్లల దుస్తులు కొనేది పెద్దలు కాబట్టి, వాటిని అమ్మేవారి కన్నా, కాలేజీ అమ్మాయిలకు కుర్తీలు అమ్మేవారు దీన్ని ఎక్కువ గమనించాలి.

సాంకేతికంగా మొత్తం వ్యవహారం వరుసక్రమం మీద నడుస్తుంది. గూగుల్ 2020లో కన్సెంట్ మోడ్ అనే పద్ధతిని తెచ్చి, 2023 నవంబరులో రెండో రూపం ప్రకటించింది. ఇందులో నాలుగు ముఖ్యమైన మీటలు ఉంటాయి: యాడ్ స్టోరేజ్, అనలిటిక్స్ స్టోరేజ్, యాడ్ యూజర్ డేటా, యాడ్ పర్సనలైజేషన్. పేజీ తెరుచుకోగానే, ఏ ట్యాగూ కదలకముందే, నాలుగింటినీ నిరాకరించినట్టు చూపే డిఫాల్ట్ ఆదేశం నడవాలి. కొనుగోలుదారు బ్యానర్‌లో సరేనన్నప్పుడు అప్‌డేట్ ఆదేశం వాటిలో కొన్నింటినో అన్నింటినో తెరుస్తుంది. గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో ఈ డిఫాల్ట్ కోసమే కన్సెంట్ ఇనిషియలైజేషన్ అనే ట్రిగ్గర్ ఉంది. మిగతా అన్ని ట్రిగ్గర్ల కన్నా అది ముందు నడుస్తుంది. మెటా పిక్సెల్ గూగుల్ మీటలను తనంతట తాను చూసుకోదు. ట్యాగ్ మేనేజర్‌లో దానికి విడిగా అదనపు సమ్మతి షరతు పెట్టాలి.

వరుస తప్పే చోట్లు తెలిసినవే. ఒకప్పుడు థీమ్ ఫైలులో నేరుగా అతికించిన పిక్సెల్ కోడ్ అక్కడే ఉండిపోతుంది, తరువాత యాప్ ద్వారా మరొకటి, ట్యాగ్ మేనేజర్ ద్వారా ఇంకొకటి చేరతాయి. బ్యానర్ ఆపేది చివరిదాన్ని మాత్రమే. షాపిఫైలో కస్టమర్ ఈవెంట్స్ కింద పెట్టిన పిక్సెళ్లకు అనుమతి అవసరమా కాదా అన్న అమరిక ఉంటుంది, థీమ్‌లో అతికించినవి మాత్రం దానికి లోబడవు. వూకామర్స్ సైట్లలో వేగం పెంచే ప్లగిన్లది మరో చిక్కు. అవి స్క్రిప్టులను వాయిదా వేస్తూ డిఫాల్ట్ ఆదేశాన్ని కూడా వెనక్కి నెట్టేస్తాయి, ట్యాగు ముందు నడిచిపోతుంది. దేశంలో అమ్మకాలకు ఒక డొమైన్, విదేశాలకు మరొకటి ఉంటే ఒకచోట ఇచ్చిన సమ్మతి రెండోచోటికి రాదు. ఆర్డరు పూర్తయ్యాక వచ్చే పేజీ చిరునామాలో ఈమెయిలో ఫోను నంబరో ఉంటే, సమ్మతి ఉన్నా అది అనలిటిక్స్‌కు చేరకూడదు. వ్యక్తిని గుర్తించే వివరాలు పంపడాన్ని గూగుల్ నిబంధనలే ఒప్పుకోవు.

అమరిక సరిగా ఉందో లేదో చూడడానికి కోడ్ రానక్కరలేదు. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ ట్యాబులో కుకీల జాబితా చూడాలి. బ్యానర్‌లో ఏదీ నొక్కకముందు జాబితాలో _ga, _fbp అన్న అక్షరాలతో మొదలయ్యేవి ఉండకూడదు. తరువాత నెట్‌వర్క్ ట్యాబులో కలెక్ట్ అన్న పదంతో వడపోస్తే గూగుల్‌కు వెళ్లే అభ్యర్థనలు కనిపిస్తాయి. వాటిలోని జీసీఎస్ విలువ జీ100 అయితే ప్రకటనలు, అనలిటిక్స్ రెండింటికీ నిరాకరణ. జీ101 అయితే అనలిటిక్స్‌కు మాత్రమే అంగీకారం. జీ111 అయితే రెండింటికీ. ఒకసారి సరేనని, తిరిగి వద్దని కూడా చూడాలి. కన్సెంట్ మోడ్ పాత కుకీలను వాడడం ఆపుతుందే గానీ చెరిపేయదు, ఆ పని బ్యానర్ సాధనం చేయాలి. యూరప్‌కు మాత్రమే బ్యానర్ చూపేలా అమర్చిన సైటు సూరత్ ఆఫీసు నుంచి తెరిస్తే అసలు బ్యానరే రాదు. జర్మనీ కొనుగోలుదారు చూసేది కావాలంటే వీపీఎన్‌తో అక్కడి నుంచి వచ్చినట్టు తెరవాలి.

కన్సెంట్ మోడ్‌కు బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు తీరులున్నాయి. బేసిక్‌లో సమ్మతి దాకా గూగుల్ ట్యాగు లోడే కాదు. అడ్వాన్స్‌డ్‌లో ముందే లోడై, నిరాకరించినవారి నుంచి కుకీ లేని సంకేతాలు పంపుతుంది; వాటి ఆధారంగా గూగుల్ లోటును అంచనాతో పూరిస్తుంది. అయితే గూగుల్ అనలిటిక్స్‌లో ఆ అంచనా మొదలవ్వాలంటే నిరాకరణతో వచ్చే ఈవెంట్లు కనీసం 7 రోజులపాటు రోజుకు 1,000 ఉండాలి, అంగీకరించిన వినియోగదారులు గత 28 రోజుల్లో కనీసం 7 రోజులు రోజుకు 1,000 మంది ఉండాలి. చిన్న చీరల సైటు ఈ గీత దాటడం కష్టం. లాభం అందనప్పుడు అడ్వాన్స్‌డ్ వల్ల మిగిలేది అనుమతి లేకుండా గూగుల్‌కు వెళ్లే అభ్యర్థనలే, కాబట్టి అలాంటి సైటుకు బేసిక్ మేలు. సర్వరు ద్వారా ట్యాగులు పంపే పద్ధతితో సమ్మతిని దాటేయవచ్చన్న ప్రచారానికి ఆధారం లేదు. దారి మారినా పంపేది అదే సమాచారం. బ్యానర్ సరిగా పనిచేయడం మొదలవగానే అనలిటిక్స్‌లో సందర్శకుల సంఖ్య పడిపోతుంది, కొందరు దీన్ని చూసి కంగారుపడి పాత అమరికకు తిరిగి వెళతారు. నిజానికి అమ్మకాల లెక్క షాపిఫై, వూకామర్స్ ఆర్డర్ల పట్టికలో పైసాతో సహా ఉంటుంది. దాన్ని బట్టి అనలిటిక్స్‌లో ఎంత శాతం ఆర్డర్లు కనిపిస్తున్నాయో నెలనెలా లెక్కగట్టుకుంటే ప్రకటనల ఖర్చు నిర్ణయాలకు సరిపోతుంది.