పదిహేను నెలలు ఆగిన నీళ్ళు



పోయిన నెల బాప్తిస్మములు ముగించుకొని కాలువ గట్టు ఎక్కుతున్నాను. నా పొడిబట్టల సంచి మోస్తూ పక్కన నడుస్తున్న ఇంటర్ కుర్రవాడు మెల్లగా అడిగాడు: “అయ్యగారూ, మన తాతముత్తాతలు కరువులో గంజి కోసం క్రైస్తవులయ్యారని మా కాలేజీలో అంటున్నారు. నిజమేనా?”

వాడి గొంతులో ఎగతాళి లేదు, సిగ్గు ఉంది. అందుకే అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపలేదు. తరువాత ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి చెప్పాను. ఆ జవాబే మీకూ రాస్తున్నాను.

జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చింది 1866లో. ఆ మరుసటి సంవత్సరం ఆరంభంలోనే తాళ్ళకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారు. వారికి ముందుగా దారి చూపినవాడు యెర్రగుంట్ల పేరయ్య గారు, తోలుపని చేసుకొనే మాదిగ మనిషి. అప్పటికి ఆ గొప్ప కరువు రావడానికి ఇంకా పదేళ్ళుంది. అంటే సువార్త మన పల్లెలకు గంజికుండ వెనకాల రాలేదు.

ఆ కాలంలో మన పెద్దలకు నీళ్ళంటే ఏమిటో కూడా తెలియాలి. ఊరి బావిలో చేద వేసే హక్కు వారికి లేదు. కడవ పట్టుకొని దూరంగా నిలబడాలి. ఎవరైనా దయతలచి పోస్తే తెచ్చుకోవాలి, లేకపోతే చెరువు నీళ్ళో వాగులో చెలమో దిక్కు. దాహానికి నీళ్ళు అడగడం కూడా ఒక అవమానమే.

1876లో వానలు ముఖం చాటేశాయి. మరుసటి ఏడూ అంతే. 1878 వరకు దక్షిణదేశమంతా కరువు, దాని వెనకే కలరా. అప్పుడు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. దొరగారికి చిన్నతనంలో నేల సర్వే చేసిన అనుభవముంది. ఆయన సుమారు మూడున్నర మైళ్ళ కాలువపని కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమంది వచ్చి మట్టి తవ్వి, తట్టలు మోసి, కూలి తీసుకొని ప్రాణాలు నిలుపుకున్నారు. బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగిన వేళల్లో కూలీల మధ్య కూర్చొని, ప్రయాసపడి భారము మోసేవారిని పిలిచిన యేసును గూర్చి చెప్పేవారు.

ఒక సంగతి గమనించండి. అది పడవలు నడవడానికి తవ్విన ఉప్పునీటి కాలువ. దాని నీళ్ళు తాగడానికి పనికిరావు, పైరుకూ పనికిరావు. దప్పిగొన్నవారు తమ చేతులతో తవ్విన నీళ్ళు వారి దాహం తీర్చేవి కావు.

ఆ రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మము కావాలని అడిగారు. దొరగారు ఇవ్వలేదు. కూలీ గింజలూ ఇస్తున్న చేయి బాప్తిస్మము కూడా ఇస్తే, మనిషి దేనికోసం వచ్చాడో అతనికే తెలియకపోవచ్చునని ఆయన భయం. అలా పదిహేను నెలలు నీళ్ళను ఆపి ఉంచారు.

వానలు పడ్డాయి. సహాయం పంచడం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదన్నప్పుడు జనం మరీ ఎక్కువగా వచ్చారు. మాకు ధనసహాయం వద్దు, బాప్తిస్మము చాలు అని పట్టుబట్టారు. 1878 జూలైలో ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర కూడుకున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో దిగారు. ఆ నడిమి రోజు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చారు. మధ్యాహ్నం ఎండకు కాసేపు ఆగి, పొద్దు వాలేలోపు ముగించారు. దొరగారు స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. కడవ పట్టుకొని దూరంగా నిలబడిన మనుషులు ఆ దినాన నది మధ్యకు నడిచి వెళ్ళారు. వారిని నీటిలో ముంచి లేపిన చేతులూ తెలుగువారివే.

యోహాను సువార్త 4వ అధ్యాయంలో యాకోబు బావి దగ్గర జరిగిందీ ఇదే. యూదుడు సమరయ స్త్రీ పాత్రలో నీళ్ళు తాగడు. యేసు మాత్రం ఆమెనే నీళ్ళు అడిగాడు, తరువాత జీవజలము ఇస్తానన్నాడు. యూదుల మాటలో జీవజలమంటే నిలవనీరు కాదు, ఊటనీరు, పారే నీరు. తొట్టిలో నీళ్ళయితే యజమాని కొలిచి పోస్తాడు. ఊటకు కొలత లేదు, వెల లేదు. వెల లేనిదాన్ని కూలిలో కలిపి ఇవ్వకూడదనే దొరగారు ఆగారు.

ఆకలికీ ఆ విశ్వాసానికీ సంబంధమే లేదని నేను ఆ కుర్రవాడితో అనలేదు. ఆకలి రోజుల్లో తమను మనుషులుగా చూసినవారి దేవుణ్ణి వారు నమ్మారు. అందులో సిగ్గుపడవలసింది ఏముంది? గంజి కోసమే అయితే గంజి ఆగిన రోజున వెళ్ళిపోయేవారు. వారు ఆ రోజునే వచ్చారు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం సంవత్సరాంతపు రిపోర్టులో అంకె చిన్నదిగా ఉందని, ఇంకా సిద్ధపడని ఒక కుటుంబానికి తొందరపడి బాప్తిస్మమిచ్చాను. సంక్రాంతి నాటికి వారు రావడం మానేశారు. తప్పు వారిది కాదు, నాది. 2,222 అంకెను ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పాను గాని, దాని వెనక ఉన్న పదిహేను నెలలను చెప్పలేదు. ఆ కుర్రవాడు అడిగాకే అది నాకు గుచ్చుకుంది.

మొన్న సాయంత్రం ఆ కుటుంబం ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడిగాను. ఆ తల్లి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి, ప్రార్థన చేసి వచ్చాను. ఈసారి ఆదివారం రమ్మని మాత్రం అడగలేదు.

ప్రభువా, నీవు ఉచితంగా ఇచ్చినదానికి మేము వెల కట్టకుండా, ఆగవలసిన చోట ఆగే ఓర్పు మాకు దయచేయుము. ఆమేన్.