ఒక్క కమాండ్‌తో క్లౌడ్ ఖాళీ: డిలీట్ చేసిన ఫైలు ఎప్పుడు తిరిగొస్తుంది, ఎప్పుడు రాదు?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి అడవిలోకి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది జగర్గుండా. సల్వాజుడుం రోజుల్లో ముళ్లకంచె మధ్య శిబిరంగా మారిన ఊరిది. 2006లో మూతపడిన బడి 2019లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. బ్యాంకు శాఖ 2025లో వచ్చింది.

ఈ చుట్టుపక్కల జరిగిన ఘటనల్లో నిజం తేలడానికీ ఏళ్లే పడుతోంది. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్‌పల్లి గ్రామాల్లో ఇళ్లు తగలబడ్డాయి. సీబీఐ ఛార్జిషీటు దాఖలైంది 2016లో. 2012 జూన్ 28 రాత్రి సర్కేగూడలో 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులని నమ్మడానికి ఆధారాలు లేవని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ చెప్పిన విషయం బయటికొచ్చింది 2019లో. అంటే ఇలాంటి చోట తీసిన ఫొటో, రికార్డు చేసిన వాంగ్మూలం కనీసం ఐదు నుంచి ఏడేళ్లు చెక్కుచెదరకుండా ఉండాలి. ఫోను అంతకాలం ఉండదు. పోతుంది, పగులుతుంది, లేదా ఎవరైనా లాక్కుంటారు. అందుకే ఇప్పుడు ఇలాంటి సరుకంతా క్లౌడ్‌లోకి చేరుతోంది.

క్లౌడ్‌లో పెట్టడం గురించి అందరూ చెబుతారు. అక్కడి నుంచి తీసేయడం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

వేల ఫైళ్లున్నప్పుడు బ్రౌజర్‌లో ఒక్కొక్కటీ ఎంచుకుని డిలీట్ చేయడం అయ్యే పని కాదు. సిగ్నల్ సరిగా లేనిచోట ఆ పేజీ తెరుచుకోవడమే కష్టం. అలాంటప్పుడు కమాండ్ లైన్ పనిముట్లు అక్కరకొస్తాయి. నల్లటి తెర మీద ఒక వరుస టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు. తొలగించడానికి ఫైళ్లను కిందికి దించుకోనక్కర్లేదు, పేర్లు పంపితే సరిపోతుంది. కాబట్టి నెట్ నత్తనడక నడుస్తున్నా వందల గిగాబైట్లు నిమిషాల్లో పోతాయి. సౌకర్యమూ అదే, ప్రమాదమూ అదే.

గూగుల్ డ్రైవ్ నుంచి అమెజాన్ ఎస్3 దాకా పదుల సంఖ్యలో సేవలతో పనిచేసే ఉచిత పనిముట్టు ఆర్‌క్లోన్. ఇందులో తీసేయడానికి ఒకటి కాదు, చాలా కమాండ్లున్నాయి. ‘డిలీట్ ఫైల్’ ఒక్క ఫైలునే తీస్తుంది. ‘డిలీట్’ చెప్పిన ఫోల్డర్‌లోని ఫైళ్లను తీసి, ఖాళీ ఫోల్డర్లను వదిలేస్తుంది. ఫలానా రకం ఫైళ్లే, ఇన్ని రోజుల కంటే పాతవే అని షరతులు పెడితే వింటుంది. ‘పర్జ్’ ఏ షరతూ వినదు, ఫోల్డర్‌తో సహా ఊడ్చేస్తుంది.

అయితే ఎక్కువమందిని ముంచేది ఈ మూడూ కావు. పేరులో ఎక్కడా తొలగింపు అన్న మాటే లేని ‘సింక్’. ఇటువైపు ఏముందో అటువైపు సరిగ్గా అంతే ఉండేలా చూడటం దాని పని. ఒక విలేకరి మెమరీ కార్డును క్లౌడ్‌తో సింక్ చేశారనుకుందాం. చోటు చాలక కార్డు ఖాళీ చేసి, మర్నాడు మళ్లీ అదే కమాండ్ ఇస్తే? కార్డులో లేనివన్నీ క్లౌడ్‌లోనూ ఉండకూడదని ఆ కమాండ్ అర్థం చేసుకుంటుంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. దాచడమే ఉద్దేశమైతే వాడాల్సింది ‘కాపీ’. అది అవతలి వైపు దేన్నీ తీసేయదు.

ఇంకో ఉచ్చు ‘ఇంక్లూడ్’ అనే మాటలో ఉంది. ఆర్‌క్లోన్‌లో ‘ఫలానా రకం ఫైళ్లను ఇంక్లూడ్ చేయి’ అంటే అవి మాత్రమే లెక్కలోకి వస్తాయి. అమెజాన్ సొంత పనిముట్టులో మొదటి నుంచే అన్ని ఫైళ్లూ లెక్కలో ఉంటాయి. అందుకే అక్కడ ముందు అన్నింటినీ ‘ఎక్స్‌క్లూడ్’ చేసి, ఆ తర్వాత కావాల్సినవి ‘ఇంక్లూడ్’ చేయాలి. మొదటిది మరిచిపోయి, ఫోల్డర్ మొత్తానికి వర్తించే తొలగింపు కమాండ్ ఇస్తే, పాత తాత్కాలిక ఫైళ్లతో పాటు వీడియోలూ వాంగ్మూలాలూ అన్నీ పోతాయి. ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు! ఒకదానికి అలవాటు పడ్డ చేయి రెండోదాంట్లో తప్పు చేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

దీనికి విరుగుడు ‘డ్రై రన్’. కమాండ్ చివర ఈ మాట చేరిస్తే ఏవేవి పోతాయో జాబితా చూపిస్తుంది తప్ప దేన్నీ ముట్టుకోదు. ఆర్‌క్లోన్‌లో డ్రై, రన్ మధ్య చిన్న గీత ఉండాలి, అమెజాన్ పనిముట్టులో ఉండకూడదు. ‘మ్యాక్స్ డిలీట్’ అనే మరో షరతుతో ఇన్ని ఫైళ్లకు మించి తీయొద్దని ఆర్‌క్లోన్‌కు హద్దు గీయొచ్చు. క్లౌడ్‌లోంచి తీసే ముందు ‘చెక్’ కమాండ్‌తో హార్డ్ డిస్క్‌లో ఉన్న ప్రతి, క్లౌడ్‌లోని ప్రతి ఒకటేనా అని సరిచూసుకోవచ్చు.

పోయినవి తిరిగొస్తాయా? అది సేవను బట్టి ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో ఆర్‌క్లోన్ మామూలుగా ఫైళ్లను ట్రాష్‌లోకే పంపుతుంది. అక్కడ 30 రోజులుంటాయి. సంస్థలు వాడే గూగుల్ క్లౌడ్ స్టోరేజ్‌లో 2024 నుంచి, సెట్టింగ్ మార్చకపోతే ఏడు రోజుల గడువు ఉంటోంది. అమెజాన్ ఎస్3లో ట్రాష్ అనేదే లేదు. ముందే ‘వెర్షనింగ్’ ఆన్ చేసి ఉంటే తొలగించిన ఫైలు మీద ఒక గుర్తు పడుతుంది, అసలు ప్రతి దాని కింద అలాగే ఉంటుంది. ఆన్ చేసి లేకపోతే అంతే సంగతులు. ఎస్3 ప్రకటించే పదకొండు తొమ్మిదుల భద్రత డిస్కులు చెడిపోవడం నుంచి కాపాడటానికి. యజమాని చేత్తో ఇచ్చిన డిలీట్ కమాండ్‌కు అది అడ్డుపడదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2021లో అమెరికాలోని డాలస్ నగరంలో పోలీసు శాఖ ఫైళ్లను క్లౌడ్ నుంచి సొంత సర్వర్‌కు తరలిస్తూ ఒక ఐటీ ఉద్యోగి 22 టెరాబైట్లు తుడిచేశారు. 14 తిరిగొచ్చాయి, సుమారు 8 రాలేదు. ఆ తర్వాత వెతికితే పోయినవి ఇంకా ఉన్నాయని తేలింది. అవి క్రిమినల్ కేసుల ఫైళ్లు. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో బ్యాకప్ స్క్రిప్టులోని లోపం 77 టెరాబైట్ల పరిశోధన డేటాను మింగేసింది. కోట్ల డాలర్ల వ్యవస్థలు, జీతాలిచ్చి పెట్టుకున్న నిపుణులు ఉన్నచోట జరిగినవివి. బస్తర్‌లో ఒక ఫోను, ఒక ఉచిత ఖాతాతో పనిచేసే విలేకరికి వెనక ఎవరూ ఉండరు.

ఇదంతా పోగొట్టుకోవడం గురించి. తీసేయాల్సిన అవసరమూ అంతే నిజం. బస్తర్ విలేకరులు తీవ్రమైన ఒత్తిడి మధ్య పనిచేస్తున్నారని 2016లోనే ఎడిటర్స్ గిల్డ్ బృందం చెప్పింది. వాళ్లతో మాట్లాడిన గ్రామస్థుల పరిస్థితి అంతకంటే గట్టిదేమీ కాదు. ముఖం కనిపించే వీడియో, ఊరి పేరు వినిపించే ఆడియో తప్పుడు చేతుల్లో పడితే మాట్లాడినవాళ్లకే ముప్పు. పేరు బయటపెట్టం, పని అయ్యాక తీసేస్తాం అని మాటిచ్చి రికార్డు చేసినవి ఉంటాయి. ఆ మాట నిలబెట్టుకోవాలంటే మామూలు డిలీట్ చాలదు. పొరపాటు నుంచి కాపాడే ట్రాష్, వెర్షనింగ్ ఇక్కడ ఎదురు తిరుగుతాయి. ట్రాష్ ఖాళీ చేయాలి. పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా వాటి గుర్తింపు సంఖ్యతో చెప్పి తీయాలి. ఖాతా తాళం ఇంకెవరి దగ్గరైనా ఉంటే ఈ లోపే వాళ్లు చూసి ఉండొచ్చు.

చట్టం కూడా రెండు వైపులా ఉంది. కోర్టు ముందుకు రావాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును రాకుండా చేయడానికి నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు. రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువ రాయాలి. ఫైలుకు వేలిముద్ర లాంటిదది. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. అందుకే ఎక్కించిన రోజే దాన్ని రాసిపెట్టుకోవడం మేలు.

అసలు ఎవరూ తీయలేకుండా చేసే ఏర్పాటు కూడా ఎస్3లో ఉంది, పేరు ‘ఆబ్జెక్ట్ లాక్’. దీన్ని ‘కంప్లయన్స్’ పద్ధతిలో ఏడేళ్లకు పెడితే ఏ కమాండూ పనిచేయదు, ఖాతా యజమాని ఇచ్చినా సరే. మూడో ఏడు సాక్షి వచ్చి ‘నా వీడియో తీసేయండి బాబూ’ అని బతిమాలినా అంతే. గడువులోపు దాన్ని పోగొట్టే దారి ఒక్కటే: మొత్తం అమెజాన్ ఖాతానే మూసేయడం.